ఆర్చి లోపలికి నెట్టిన కారు

యానాంలో బండి నడిపేవాళ్ళకి సరిహద్దు అంటే ఏమిటో తెలియదు. ఇది తిట్టు కాదు. మా యానాం చుట్టూ ఆంధ్రా ఉన్న పుదుచ్చేరి ముక్క. పొద్దున్నే ఒక ప్రభుత్వంలోకి వెళ్ళి పాల ప్యాకెట్ కొనుక్కుని, ఇంటికొచ్చి ఇంకో ప్రభుత్వంలో కాఫీ తాగేవాళ్ళకి అది తెలియాల్సిన అవసరం ఏముంది? మా పిన్ని కూతురింటికి వెళ్ళాలంటే నేను ఆంధ్రాలోంచి వెళ్ళి మళ్ళీ యానాంలో తేలాలి. రానూ పోనూ ఎన్నిసార్లు రాష్ట్రం దాటానో నేనే కాదు, ఎవరూ లెక్కపెట్టరు.

బండి కాగితాలు మాత్రం అలా కాదు. వాటికి గీత గీతే. ఆ గీత ఎక్కడుందో తెలియక మా టాక్సీ స్టాండ్ మొత్తం ఒకసారి పడిన పాట్లు, వాళ్ళతో పాటు నేను పడిన కంగారు ఇప్పుడు చెబుతాను. స్టీరింగ్ పట్టుకుని బతకబోయే పిల్లలు, ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారనే రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు, రోజూ ఎదురుపడతారు, పైగా నేను ఇంకా వాళ్ళ కార్లే ఎక్కాలి.

నేను పనిచేసింది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ చిన్న బ్రాంచిలో. చిన్నదంటే నిజంగానే చిన్నది. మేనేజర్ గారు కుర్చీ వెనక్కి జరిపితే నా బీరువా తలుపు తెరుచుకునేది కాదు. లారీలకి, ఆటోలకి, రొయ్యల మేత తోలే వ్యాన్లకి, టాక్సీలకి పాలసీలు రాయడం నా పని. చేరిన కొత్తలో డ్రైవర్లు లోపలికి తొంగిచూసి, కుర్చీలో ఆడమనిషి కనబడగానే "సార్ లేరాండి?" అని వెనక్కి తిరిగేవారు. చివరికొచ్చేసరికి సార్ ఎదురుగా కూర్చున్నా ఆయన్ని దాటుకుని నా బల్ల దగ్గరికే వచ్చేవారు. మేనేజర్లు మారుతూ వచ్చారు, నేను మారలేదు, అంతకు మించి గొప్పేమీ లేదు.

ఒక్క విషయం ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తెల్ల బోర్డు సొంత కారుకి పాలసీ ఉంటే దేశమంతా చెల్లుతుంది. ఎక్కడికైనా వెళ్ళండి, మిమ్మల్ని అడిగేవాడు లేడు. పసుపు బోర్డు టాక్సీ అలా కాదు. దాని పాలసీ పర్మిట్ మీద నిలబడుతుంది. యానాం పర్మిట్ ఉన్న టాక్సీ ఆంధ్రాలో తిరగాలంటే అక్కడి పర్మిట్ వేరే తీసుకోవాలి, పన్ను వేరే కట్టాలి. అది లేకుండా అవతల ఎవరినైనా గుద్దితే, దెబ్బ తగిలిన మనిషికి కంపెనీ ముందు ఇచ్చినా ఇస్తుంది, ఇచ్చిందంతా తర్వాత బండి ఓనర్ దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తుంది. ఈ మాట నేను స్టాండ్‌లో చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాను. కాకినాడ కిరాయికైతే అందరూ పర్మిట్ కట్టేవారు. "ఆర్చి అవతల అడుగు పెట్టినదానికి కూడా పర్మిటేంటి అక్కగారూ, నవ్వుతారు" అనేవారు.

ఆర్చి అంటే మా ఊరి పొలిమేరలో రోడ్డు మీద కట్టిన స్వాగత ద్వారం. ఇవతల యానాం, అవతల ఆంధ్రా. అది అందరికీ తెలిసిన సంగతి, చిన్నప్పుడు బళ్ళో కూడా అలాగే చెప్పారు. ఆర్చి దాటిన కాస్సేపటికి కుడిపక్కన ఒక బ్రాందీ షాపు ఉంటుంది. దాని గురించి నాకు అంతకన్నా తెలియదు, ఎందుకంటే నేను దాని వైపు చూడను. మా నాన్నగారు చర్చి పెద్ద. బ్రాందీ షాపు ఎదురైతే తల అటు తిప్పుకుని నడవాలని చెయ్యి పట్టుకుని నేర్పారు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా నా మెడ ఆ షాపు దగ్గర దానంతట అదే కాలవ వైపు తిరిగేది.

ఇక ఆ డ్రైవర్. మా యానాంలోనే మెట్టకూరు మనిషి. పెళ్ళి కాకముందు నుంచీ ఇతరుల కార్లు తోలి తోలి, నడివయసులో సొంత టాక్సీ కొనుక్కున్నాడు. పాలసీకి వచ్చినరోజు కారుకి పూలదండ ఇంకా వాడలేదు. ఆఫీసు బయట నిలబెట్టి, "ఒకసారి వచ్చి కూర్చోండి అక్కగారూ" అన్నాడు. కూర్చున్నాను. సీట్లకి కవర్లు తియ్యలేదు, చీర జారిపోతోంది. "ఎలా ఉందండి?" అన్నాడు. బాగుందన్నాను. మనిషి ముఖం ఎంత వెలిగిందంటే నాకు పర్మిట్ గురించి ఆవేళ గొడవ పెట్టాలనిపించలేదు. మర్నాడు పెట్టాను, అది వేరే సంగతి.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అతనికి ఆర్చి అవతల పల్లెటూరి నుంచి కిరాయి వచ్చింది. పర్మిట్ లేకుండా బయలుదేరాడు. ఆర్చి దాటాడు. బ్రాందీ షాపు దగ్గర ఒకడు మోటార్ సైకిల్ తిప్పుకుని వెనకాముందూ చూసుకోకుండా రోడ్డెక్కాడు. వాణ్ణి తప్పించబోయి ఇతను ఎడమకి తిప్పేశాడు. ఎడమ పక్క ఒకావిడ నడిచి వెళుతోంది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ముగించుకుని ఇంటికి పోతున్న మనిషి. కారు ఆవిణ్ణి గుద్ది ఆగింది. మోటార్ సైకిల్ వాడు ఆగలేదు.

డ్రైవర్ ఆవిణ్ణి చేతుల మీద ఎత్తుకుని, ఎదురొచ్చిన ఆటోలో పడుకోబెట్టి యానాం ఆస్పత్రికి తీసుకుపోయాడు. కారు అక్కడే వదిలేశాడు, తాళం కూడా దానికే ఉంది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ తర్వాత జరిగినదే అసలు కథ.

మర్నాడు పొద్దున్న నేను ఆఫీసు తాళం తీస్తుంటే స్టాండ్ ప్రెసిడెంట్ వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, స్టాండ్‌లో ఎవరికి తలనొప్పి వచ్చినా మాత్ర తనే కొనితెచ్చే రకం. జరిగింది చెప్పి, చివర గొంతు తగ్గించాడు.

"మరేం కంగారు పడకండి అక్కగారూ. మావోడు ఆస్పత్రికెల్లగానే మేం కారు నెట్టుకొచ్చేసేం."

"ఎక్కడికి?"

"ఆర్చి ఇవతలికండి. పోలీసులొచ్చి సూసేతలికి కారు మన యానాంలో ఉంది. ఇంక పర్మిట్ గొడవేటుంది? మన కేసు, మన స్టేషన్, మన పాలసీ."

ఆ మాట చెప్పి నా వైపు చూసిన చూపు, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడి చూపులా ఉంది. నేను కంపెనీ మనిషిని. నాకు ఇది చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేది? "ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాను. "మీకు చెప్పకపోతే ఎలాగండి, మీరు మనోళ్ళు కదా" అన్నాడు.

డ్రైవర్‌కి ఈ సంగతి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాకే తెలిసింది. అప్పటికే ప్రెసిడెంటూ కారు నెట్టిన ముగ్గురూ, మొత్తం నలుగురూ స్టేషన్‌లో ఒకే మాట చెప్పి ఉన్నారు. కారు ఆర్చి లోపలే ఆగిందని. ఇప్పుడు ఇతను కాదంటే వాళ్ళు నలుగురూ అబద్ధాలకోర్లవుతారు. ఇతని కోసం నడుములు వంచి కారు నెట్టినవాళ్ళు. ఇతనూ అదే చెప్పాడు.

అప్పటి నుంచి నేను నాకొక నియమం పెట్టుకున్నాను. అడగకపోతే చెప్పను, అడిగితే అబద్ధం చెప్పను. వినడానికి బాగానే ఉంటుంది. దాంతో బతకడం మాత్రం నరకం. ఆఫీసు ఫోన్ మోగితే మూడోసారికి గానీ ఎత్తేదాన్ని కాదు. మేనేజర్ గారు "మేడమ్ గారూ" అని పిలిస్తే, టీ కోసం పిలిచినా సరే, ఆ ఫైలు ఎక్కడుందో ముందు చూసుకునేదాన్ని. ఆయన కాకినాడ నుంచి బస్సులో వచ్చి పోయే మనిషి, బదిలీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. ఆ ఫైలు చూసి, "ఆర్చి లోపలేనా? బయట కాదు కదా?" అన్నాడు. నేను జవాబిచ్చేలోపు తనే, "లోపలేలెండి, రాశారుగా" అనుకుని సంతకం పెట్టేశాడు. ఆరోజు నన్ను గట్టెక్కించింది ఆయన తొందరే. ఆదివారం ఆరాధనలో పాట పాడుతుంటే నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది.

గాయపడినావిడని చూడటానికి ఆస్పత్రికి వెళ్ళాను. క్లెయిమ్ కాగితాల మీద సంతకాలు కావాలి, అది నిజమే. ఊరికే చూడాలనీ ఉంది. తొడ ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. ఆంధ్రా వైపు పల్లె ఆవిడది. కొడుకూ కోడలూ వంతులవారీగా కూర్చుంటున్నారు. రొయ్యల షెడ్డులో రోజంతా మంచునీళ్ళలో నానే చేతులు కదా, వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. యాక్సిడెంట్ ఎక్కడ జరిగిందని అడిగితే, "బుర్రొంచుకుని నడిసిపోతన్నానమ్మా. ఎనకాల నుంచి గుద్దితే ఎక్కడని సెప్పను?" అంది. ఆ వెంటనే, "నా కేరేజీ దొరికిందా?" అని అడిగింది.

"ఏ క్యారేజీ?"

"అన్నం కేరేజీ. స్టీలుది, మూడు గిన్నెలు. సేతిలో ఉండాలి. ఆటోలో లేదంటన్నారు. ఆ డ్రైవరు బాబుని అడిగేను, సూత్తానన్నాడు, మల్లీ మాటలేదు."

ఇంత పెద్ద దెబ్బ తగిలి అన్నం గిన్నెల గురించి అడుగుతోందేమిటా అనుకున్నాను. మందుల మత్తులో ఉందనుకున్నాను. డ్రైవర్ రోజూ వచ్చి వెళుతున్నాడని, పళ్ళు తెస్తున్నాడని, మంచం దాకా రాడని, గుమ్మం దగ్గరే నిలబడతాడని కొడుకు చెప్పాడు.

ఇదంతా ఇలా ఉండగా విశాఖ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్రమాద స్థలం గురించి అనుమానాలున్నాయని, ఇన్వెస్టిగేటర్‌ని పంపిస్తున్నామని. అనుమానం ఎవరికొచ్చిందో, ఎలా వచ్చిందో అందులో లేదు. ఇన్వెస్టిగేటర్ వచ్చే రోజుకి మేనేజర్ గారు సెలవు పెట్టేశారు. ఆయన పక్కన నేను ఉండి చూపించాల్సినవన్నీ ఆఖరికి నేనొక్కదాన్నే చూపించాల్సి వచ్చింది.

ఇన్వెస్టిగేటర్ వస్తున్నాడని తెలిసిన సాయంత్రం డ్రైవర్ మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. "ఏం చెప్పమంటారు అక్కగారూ?" అన్నాడు. ఏం చెప్పమనను? నిజం చెప్పమంటే కారు పోతుంది. ఆవిడకి కోర్టు ఎంత వేస్తే అంతా ఇతని నెత్తి మీదికొస్తుంది, ఇతనికి కారు తప్ప ఇంకేం ఉంది? అబద్ధం చెప్పమనడానికి నా నోరు రాదు. "నీ ఇష్టం" అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట నేను జన్మలో ఎవరికీ చెప్పలేదు. అతను మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వచ్చింది. ఇన్వెస్టిగేటర్ సన్నటి మనిషి, చేతిలో గొడుగు, మాట నెమ్మది. గట్టిగా మాట్లాడేవాళ్ళంటే నాకు భయం లేదు, డ్రైవర్ల మధ్యే బతికాను. ఈయన మాత్రం ప్రతి మాటకీ "అలాగా" అంటాడు, ఇంకేమీ అనడు. అందరం ఆర్చి దగ్గరికి వెళ్ళాం. స్టాండ్ నుంచి ప్రెసిడెంట్, ఆరోజు కారు నెట్టిన ముగ్గురు, డ్రైవర్. డ్రైవర్ తన టాక్సీలోనే వచ్చి ఆర్చి ఇవతల చెట్టు నీడన ఆపాడు. ముందు బంపర్ ఇంకా సొట్టగానే ఉంది.

"కారు ఎక్కడ ఆగింది?" అన్నాడు ఇన్వెస్టిగేటర్.

"ఇక్కడండి" అని ప్రెసిడెంట్ ఆర్చి లోపల చోటు చూపించాడు.

"అలాగా. ఆవిడ ఎక్కడ పడింది?"

"ఇక్కడేనండి. కారు పక్కనేనండి."

"మోటార్ సైకిల్ ఎటు నుంచి వచ్చింది?"

ప్రెసిడెంట్ తడబడ్డాడు. మోటార్ సైకిల్ బ్రాందీ షాపు నుంచి వచ్చింది. షాపు ఉన్నది ఆర్చి అవతల. ఇక్కడికి దాన్ని ఎలా తీసుకురావాలో అతనికి ముందు తోచలేదు. "అటు నుంచండి" అని గాలిలో చెయ్యి తిప్పాడు. ముగ్గురూ అదే చెయ్యి తిప్పారు, కానీ ముగ్గురివీ మూడు దిక్కులు. ఇంకో సమయంలో అయితే నేను నవ్వాపుకోలేకపోయేదాన్ని. ఆవేళ నవ్వు రాలేదు. ఆయన తర్వాతి ప్రశ్న నన్నే అడుగుతాడని తెలిసిపోయింది.

అప్పుడే డ్రైవర్ గిరుక్కున తిరిగి తన కారు వైపు నడిచాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను. డిక్కీ తెరిచి ఒక గుడ్డ మూట తీశాడు. దాన్ని పట్టుకుని మా ఎవరి మొహమూ చూడకుండా ఆర్చి కిందనుంచి అవతలికి నడిచాడు. మేం వెనకాల వెళ్ళాం. బ్రాందీ షాపు ఎదురుగా, రోడ్డు ఎడమ అంచున వంగి, గుడ్డ విప్పి, స్టీలు క్యారేజీ ఒకటి నేల మీద పెట్టాడు. ఒక గిన్నె నొక్కుకుపోయి ఉంది.

"ఇక్కడండి" అన్నాడు. "ఆవిడ ఇక్కడ పడిందండి. నేను ఎత్తుకున్నప్పుడు దీన్ని సూడలేదు. ఆస్పత్రి నుంచొచ్చేక వెతికితే ఇక్కడ దొరికింది. కారు ఇక్కడే ఆగిందండి. ఈళ్ళందరూ నాకోసమే నెట్టేరు, ఈళ్ళని ఏమనకండి. నాకు ఆంధ్రా పర్మిట్ లేదు. అక్కగారు సెప్పేరు, నేనే కట్టలేదు."

ప్రెసిడెంట్ మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ గిన్నెని ఇన్నాళ్ళూ డిక్కీలో పెట్టుకుని తిరిగాడు. ఇస్తే ఎక్కడ దొరికిందని అడుగుతుంది, చెబితే అబద్ధం బయటపడుతుంది. ఆస్పత్రి గుమ్మం దాటి లోపలికి రాకపోవడానికి కారణం అదన్నమాట.

"తెలుసు" అన్నాడు ఇన్వెస్టిగేటర్. జేబులోంచి ఫోన్ తీశాడు. ఆరోజు సాయంత్రం షాపు దగ్గర నిలబడ్డ ఎవరో ఫోటో తీసి తెలిసినవాళ్ళకి పంపితే, అది తిరిగి తిరిగి విశాఖ చేరిందట. "మీరంతా ఏం చెబుతారో విందామని ఊరుకున్నాను" అని నా వైపు తిరిగాడు. "కారు నెట్టిన సంగతి మీకు తెలుసా మేడమ్?"

ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానో ఆ ప్రశ్న. "తెలుసండి" అన్నాను. "మర్నాడే తెలుసు." అనేశాక భయం పోయింది, సిగ్గు మిగిలింది.

ఆయన "అలాగా" అనలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "మీరు పాలసీ రాసిన కారు ఇదేనా, నంబర్ చూసి చెప్పండి" అన్నాడు. చూశాను. కారు అదే. వెనక నడుం వంచి నెడుతున్న నలుగురు. "ఆ గళ్ళ చొక్కా నాది కాదండి" అన్నాడు ప్రెసిడెంట్, ఎవరూ అడగకుండానే. అలా అంటున్నప్పుడు కూడా అదే చొక్కా వేసుకుని ఉన్నాడు.

నంబర్ సరిపోయింది. ఫోన్ తిరిగి ఇచ్చెయ్యబోయాను. కారు వెనక బ్రాందీ షాపు బోర్డు పడింది. ఫోటోలో కాబట్టి మెడ తిప్పుకోవాలని తోచలేదు. పెద్ద అక్షరాల షాపు పేరు, దాని కింద చిన్న అక్షరాలు. వేళ్ళతో పెద్దది చేసి చదివాను. ప్రభుత్వ లైసెన్సు, యానాం అని ఉంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలెత్తి ఆ షాపు వైపు చూశాను. అదే బోర్డు. గుమ్మం దగ్గర పొద్దున్నే క్యూ. అన్నీ ఆంధ్రా నంబర్ల మోటార్ సైకిళ్ళు.

"ఏమయ్యా" అన్నాను ప్రెసిడెంట్‌తో, "వీళ్ళంతా ఆంధ్రా నుంచి ఇక్కడికి ఎందుకొస్తారు?"

"మన దగ్గర రేటు తక్కువ కదండి. యానాం సరుకు" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు.

"ఆంధ్రాలో యానాం సరుకు అమ్ముతారా?"

"ఎలా అమ్ముతారండి, లోపలేసెయ్యరూ..." అని మధ్యలో ఆగిపోయాడు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. పక్కనున్న ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఇద్దరికి ఆ షాపులో ఖాతా ఉందని తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళుగా సాయంత్రం అయ్యేసరికి ఆర్చి దాటి యానాం సరుకు తాగుతూ, అది ఆంధ్రా అనుకుంటున్నారు. నేనేమో అటు చూడకూడదని ఎవరు అమ్ముతున్నారో కూడా చూడలేదు. మందు తాగేవాళ్ళకీ తాగనివాళ్ళకీ కలిపి ఒక్కరికీ తోచలేదు.

ఇన్వెస్టిగేటర్ గొడుగు ముడిచి షాపులోకి వెళ్ళాడు. బయటికొచ్చి, "లైసెన్సు గోడకే ఉంది. కరెంటు బిల్లు కూడా మీ ఊరిదే" అన్నాడు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు కనిపించింది. "అయితే మీరు కారుని యానాంలోంచి యానాంలోకి నెట్టారన్నమాట."

అక్కడితో అన్నీ సర్దుకున్నాయని అనుకోకండి. బోర్డు చూసి కంపెనీ ఒప్పుకోదు. సర్వే ఆఫీసుకి అర్జీ పెట్టాం. వాళ్ళు వచ్చి కొలిచేదాకా నా కంగారు కొత్త కంగారుగా మారింది. షాపు యానాందే కావచ్చు, రోడ్డు ఎడమ అంచు ఆంధ్రాది అయితే? మా వైపు గీత ఎలాంటి వంకరలు పోతుందో ఎవరు చూశారు? డ్రైవర్ రోజూ ఆఫీసుకి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని, వెళ్ళిపోయేవాడు. చివరికి కొలిచారు. సరిహద్దు రాయి షాపు దాటాక కల్వర్టు పక్కన తుప్పల్లో దొరికింది. ఆర్చిని ఎప్పుడో స్థలం వీలు చూసుకుని కొంచెం లోపలగా కట్టారట. కట్టినవాళ్ళకి తెలుసు. మిగతా ఊరంతా దాన్నే సరిహద్దు అనుకుంది.

అప్పుడు చూడండి మా వాళ్ళ తెలివి. ఆ సాయంత్రం కారుని ఎవరూ ముట్టుకోకుండా ఉండి ఉంటే, పాలసీ ప్రకారం అంతా సక్రమంగా ఉండేది. ఒక్క కాగితం అడ్డు వచ్చేది కాదు. మంచి చేద్దామని నెట్టి, ఉన్న నిజాన్ని పోగొట్టి, దాని చోట అబద్ధం తెచ్చి పెట్టారు. నలుగురూ స్టేషన్‌కి వెళ్ళి మళ్ళీ వాంగ్మూలం ఇచ్చారు. పడాల్సిన చివాట్లు పడ్డాయి. నాకూ విశాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తెలిసిన విషయం పై అధికారికి ఎందుకు చెప్పలేదని. ఏం రాయాలో తోచక నిజమే రాశాను. రిటైరయ్యేదాకా దానికి జవాబు రాలేదు. మేనేజర్ గారు మాత్రం, "షాపు మనదేనని నాకు ముందే అనుమానం ఉందండి" అన్నారు. ఆయన అనుమానానికి నేను అడ్డు చెప్పలేదు.

కారు జరిపినందుకు బంపర్ ఖర్చు కంపెనీ ఇవ్వలేదు, అది డ్రైవరే పెట్టుకున్నాడు. ఆవిడకి రావాల్సింది మాత్రం కంపెనీయే ఇచ్చింది, డ్రైవర్ మీదికి రాలేదు. కారు అతనికి మిగిలింది.

ఆవిడ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒకరోజు డ్రైవర్ నన్ను తోడు రమ్మన్నాడు. క్యారేజీ ఇచ్చి రావాలి. బయలుదేరబోతూ నాకొక కాగితం చూపించాడు. ఆంధ్రా పర్మిట్. అన్నం గిన్నె తిరిగి ఇవ్వడానికి పర్మిట్ కట్టినవాడు మా ఊళ్ళో ఇతనొక్కడే అయి ఉంటాడు. ఆర్చి దాటాం, షాపు దాటాం, కల్వర్టు దగ్గర కారు నెమ్మది చేసి, "ఇదండి" అన్నాడు. చూశాను. రాయి మీద ఎవరో తువ్వాలు ఆరేశారు.

ఆవిడ ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉంది. డ్రైవర్ క్యారేజీని రెండు చేతులతో అందించాడు. నొక్కుకుపోయిన గిన్నె సొట్ట తీయించాడు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అతని భార్య కూర వండి పెట్టింది. ఆవిడ ముందు గిన్నెలు తెరవలేదు. మూత మీద చెక్కిన పేరుని బొటనవేలితో తడిమి చూసుకుంది. నేనూ అప్పుడే చదివాను. అది ఆవిడ పేరు కాదు.

"మా అమ్మదండి" అంది. "కాపరానికొచ్చేటప్పుడు ఇచ్చింది. ఆవిడది ఇంకేటీ లేదు నా దగ్గర." తర్వాత డ్రైవర్ వైపు చూసి, "ఎక్కడుందయ్యా ఇన్నాళ్ళూ?" అంది.

"నా బండిలోనేనండి" అన్నాడు అతను.

"అడిగినప్పుడు ఇచ్చెయ్యలేకపోయావా? నువ్వొత్తన్నావు, గుమ్మం కాడే ఆగిపోతన్నావు. ఈ బాబు లోపలికెందుకు రాడా అని పడుకుని అదే ఆలోసించేదాన్ని. ఎవరొచ్చినా కారెక్కడాగింది, కారెక్కడాగింది అనేవోరు. నా గిన్నె సంగతి నువ్వన్నా సెప్తావనుకున్నాను."

అతను ఒకడుగు వెనక్కి, ఇంటి గుమ్మం పక్కకి జరిగాడు. నేనూ ఆ అడిగినవాళ్ళలో ఉన్నాను కాబట్టి కోడిపిల్లల వైపు చూస్తూ ఊరుకున్నాను. ఆవిడ పై గిన్నె మూత తీసింది. రొయ్యల కూర.

"బతుకంతా ఈటి తలకాయలు తీసేను" అంది. "మీ ఆవిడికి ఇంకేం దొరకలేదా?"

అని, ఇంట్లోకి కేకేసి కోడలి చేత మూడు కంచాలు తెప్పించింది. "లోపలికి రా, గుమ్మం కాడ నిలబడకు" అని మొదటి కంచం అతనికే పెట్టింది.